ఏడో డ్రమ్ములో నా గొంతు

చెల్లీ,

మీ అక్క దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేము ముగ్గురం క్షేమం. అక్కడ నువ్వూ, మరిదిగారూ, పాపా కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం వల్ల తెలిసి స్థిమితపడ్డాను. అది అంది పన్నెండు రోజులైంది. ఇన్నాళ్ళూ జవాబు రాయకపోవడానికి తీరిక లేకపోవడం కారణం కాదు. కారణం ఈ ఉత్తరంలోనే ఉంది. పాప పక్కన లేనప్పుడు, కూర్చుని చదువు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు చెప్పేస్తాను. మణికట్టు నొప్పి తగ్గింది. డాక్టరు పట్టీ కట్టి "బరువులు ఎత్తకండి" అన్నాడు. లాండ్రీలో బరువు ఎత్తకుండా ఏం పని చెయ్యాలో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వుకున్నాం. మీ బావ కళ్ళజోడు మార్చారు. కొత్తది పెట్టుకుని ఇల్లంతా తిరిగొచ్చి, "మన గోడలు ఇంత మురికిగా ఉన్నాయా?" అన్నారు. పాత కళ్ళజోడే నయం, తీసెయ్యండన్నాను. మా అమ్మాయి వంట నేర్చుకుంటానని తనంతట తనే అంది. ఇప్పటికి రెండు గిన్నెలు మాడాయి. మూడోది దాచేశాను.

పాప భలే ప్రశ్న వేసిందే! దుప్పటిని ఇద్దరు కలిసి మడతపెట్టేటప్పుడు ముందు అడుగు ఎవరు వేస్తారని కదూ? ఎవరూ వెయ్యరని చెప్పు. వదినా నేనూ పందొమ్మిదేళ్ళుగా ఎదురెదురుగా నిలబడి ఆస్పత్రి దుప్పట్లు మడతపెడుతున్నాం. ఇస్త్రీ రోలరులోంచి దుప్పటి వేడివేడిగా బయటికి వస్తుంది. చెరో రెండు కొసలు పట్టుకుంటాం, ఒక్క విదిలింపు విదిలిస్తాం, ఆ తరవాత ఇద్దరి కాళ్ళూ ఒకేసారి కదులుతాయి. వదిన అంటే గుర్తుందిగా, నీకూ నాకూ ఏమీ కాకపోయినా లాండ్రీ మొత్తానికి వదినే. గట్టిగా నవ్వితే డ్రైయరు చప్పుడు కూడా వినబడనివ్వని మనిషి.

ఇక మిగిలింది ఒక్క ప్రశ్న. "మీ డ్రమ్ముల ప్రదర్శన ఏమైంది అక్కా? ఫోటో పంపుతానన్నావు, ఆ ఊసే లేదు" అని రాశావు. ఫోనులోనూ రెండుసార్లు అడిగావు. రెండుసార్లూ మాట మార్చాను. ఫోనులో అయితే నా గొంతు పట్టేస్తావని భయం. అందుకే కాగితం.

నీకు కొంత తెలుసు. కిందటేడు ఒక కళాకారిణి మా లాండ్రీకి వచ్చిందని రాశాను. ముప్పైఐదేళ్ళుంటాయి. ఎప్పుడూ చెవులకి పెద్ద పెద్ద డిప్పలు తగిలించుకుని, చేతిలో రికార్డరు పట్టుకుని తిరిగేది. మా వాళ్ళు వచ్చిన మర్నాడే 'చెవులమ్మ' అని పేరు పెట్టేశారు. ఆ పేరు ఆవిడకి తెలిసి ఏడవలేదు సరిగదా, తన డబ్బా మూత మీద అదే రాసుకుంది. అక్కడే మేం పడిపోయాం.

అప్పటికే మా లాండ్రీ మూసేసి, బట్టలు బయటి కంపెనీకి ఇస్తారన్న గుసగుసలు మొదలయ్యాయి. చెవులమ్మ మమ్మల్ని పధ్నాలుగు మందినీ భోజనాల గదిలో కూచోబెట్టి, "నేను మీ గురించి బొమ్మ గియ్యడానికి రాలేదండీ. మీతో కలిసి ఒకటి తయారు చెయ్యడానికి వచ్చాను. ఏం తయారవుతుందో నాకూ తెలియదు. చేసేది మీరూ నేనూ కలిసి, పేరు మనందరిదీ" అంది.

వదిన ఊరుకుంటుందా! "ముందు ఈ మూట ఎత్తి చూడమ్మా, తరవాత కలిసి చేద్దాం" అని ఆపరేషన్ వార్డు మూట ఆవిడ కాళ్ళ దగ్గర పడేసింది. ఆవిడ ఎత్తింది. పడింది. మళ్ళీ ఎత్తింది.

రెండు నెలలు రికార్డరు ఆన్ చెయ్యలేదు చెల్లీ. ఊరికే పనిచేసింది. బట్టల సోడా నీళ్ళకి చేతులు పగిలాయి. రోలరు ఆవిరికి మొహం కందిపోయింది. దుప్పటి మడతలో నాతో జోడీ కుదరక నా కాలు తొక్కేది, తొక్కినప్పుడల్లా క్షమాపణ చెప్పేది. ప్రతి బుధవారం మొదటి షిఫ్టు దిగాక అందరం కూచుని మాట్లాడుకునేవాళ్ళం. చదువుకున్నవాళ్ళు మమ్మల్ని ప్రశ్నలడగడం చూశాను. జవాబు కోసం ఆగడం అప్పుడే చూశాను. ఆవిడ ఆగేది. నువ్వు మాట్లాడటం ఆపేసినా, ఇంకా ఏదో వస్తుందని ఎదురుచూస్తున్నట్టు చూసేది. ఏదో ఒకటి వచ్చేది.

ఆ బుధవారాల్లోనే డ్రమ్ముల ఆలోచన పుట్టింది. పాత వాషింగ్ మెషీన్లు తీసేసినప్పుడు వాటి స్టీలు డ్రమ్ములు ఏడు వెనక షెడ్డులో పడున్నాయి. వాటిని తోమి, ఆస్పత్రి పెద్ద హాల్లో నిలబెట్టి, లోపల చిన్న స్పీకర్లు పెడదామన్నది మా రెండో షిఫ్టులో పనిచేసే కుర్రపిల్ల. చూడటానికి వచ్చినవాళ్ళు తల లోపల పెట్టి వినాలి. మేం దించిన మూటల చప్పుడు, రోలరు ఉరుము, మా నవ్వులు, మా మాటలు. "ఇన్నాళ్ళూ మన తలలు లోపల పెట్టాం, ఇప్పుడు వాళ్ళ తలలు పెట్టనీ" అంది వదిన. పేరు కూడా మేమే పెట్టాం: 'మా పని ఆగలేదు'. ఆస్పత్రి పెద్దలు విని, లాండ్రీ మూసేముందు ఒక్కసారి ఆలోచిస్తారని మా ఆశ.

ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. డ్యూటీ చార్టు వెనక వదిన పెద్ద అక్షరాలతో రాసింది: ఎవరి మాట వాళ్ళదే. వద్దంటే తీసెయ్యాలి. ఎందుకని అడగకూడదు. పధ్నాలుగు మందిమీ సంతకాలు పెట్టాం. పదిహేనోది చెవులమ్మ పెట్టింది.

తరవాత ఒక బుధవారం మిగతావాళ్ళు ముందే వెళ్ళిపోయారు. నేనూ ఆవిడే మిగిలాం. గంటసేపు ఒక విషయం చెప్పాను. ఏమిటన్నది ఇప్పుడే అడక్కు, చెబుతాను. చెప్పేశాక భయం పట్టుకుంది. మర్నాడు పొద్దున్నే షిఫ్టుకి ముందే వెళ్ళి, "నిన్న నేను చెప్పింది తీసెయ్యమ్మా" అన్నాను. ఆవిడ ఎందుకని అడగలేదు. నా ఎదురుగానే రికార్డరు తీసి, మీట నొక్కి, "ఇదిగోండి, పోయింది" అని తెర చూపించింది. తెర మీద ఏమీ లేదు. ఆవిడ చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నంత పని చేశాను.

ప్రదర్శన మొదలైన రోజు అందరం ఉన్నవాటిల్లో మంచి బట్టలు కట్టుకుని వెళ్ళాం. వదిన తలకి రంగు కూడా వేసుకుంది. కానీ హాలు గుమ్మం దగ్గరే మా కాళ్ళు ఆగిపోయాయి. పెద్ద బోర్డు: 'తెల్లని వీడ్కోలు'. కింద ఆస్పత్రి యాజమాన్యం సహకారంతో అని ఉంది. మేం పెట్టిన పేరు ఎక్కడా లేదు. మా పేర్లున్నాయి, వెనక గోడకి, అడుగున, చీమల బారులా.

పెద్ద డాక్టరుగారు రిబ్బను కత్తిరించి ఉపన్యాసం ఇచ్చారు. "నలభై ఏళ్ళు మనకి సేవ చేసిన లాండ్రీకి ఇంతకన్నా అందమైన వీడ్కోలు ఉండదు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. మా లాండ్రీ మూసేస్తున్నారన్న సంగతి మాకు తెలిసింది అలాగ. ఆగలేదని చెప్పడానికి మేం కష్టపడి చేసినదాన్నే తీసుకొచ్చి, ఆగిపోయిందని చెప్పడానికి వాడుకున్నారు. పక్కకి చూస్తే వదిన కూడా చప్పట్లు కొడుతోంది. అర్థం అయ్యేసరికి రెండు చేతులూ అలాగే గాల్లో ఉండిపోయాయి. ఆ చేతులు నేను చచ్చేదాకా మరిచిపోలేను.

చెవులమ్మని పక్కకి లాగి అడిగాను. తల దించుకుంది. "పేరు మార్చకపోతే హాలు ఇవ్వమన్నారండీ. అసలు వినబడకపోవడం కన్నా ఇలాగైనా వినబడటం మేలు కదా అనుకున్నాను" అంది.

"మాతో ఒక్క మాట అనుకోవచ్చుగా? బుధవారాలు ఏమైపోయాయి?" అన్నాను.

"మీరు ఒప్పుకోరని తెలుసు" అంది.

చూశావా! ఒప్పుకోమని తెలుసు కాబట్టే అడగలేదట.

కోపంతో కాళ్ళు ఎటు తీసుకెళ్తే అటు నడిచాను. హాలు చివర ఏడో డ్రమ్ము దగ్గర జనం వరసకట్టారు. మిగతా ఆరింటి దగ్గరా ఇద్దరో ముగ్గురో. దీని దగ్గర పాతికమంది. తల బయటికి తీసినవాళ్ళు కళ్ళు తుడుచుకుంటున్నారు. నా వంతు వచ్చేదాకా నిలబడి, తల లోపల పెట్టాను.

నా గొంతు, చెల్లీ.

తీసేసిందనుకున్న మాటలన్నీ మొదటినుంచి చివరిదాకా. ఎక్కడ గుటక వేశానో అది కూడా ఉంది. స్టీలు డ్రమ్ములో గొంతు ఎంత పెద్దగా వినిపిస్తుందో నీకు తెలియదు. నా తలలోనే ఎవరో నిలబడి నా మీద చాడీలు చెబుతున్నట్టుంది.

తరవాత అడిగితే ఆవిడ చెప్పిన సమాధానం విను. "రికార్డరులోంచి తీసేశానండీ, అబద్ధం కాదు. కానీ అప్పటికే కంప్యూటర్లోకి ఎక్కించి ఉంచాను. మీరు సంతకం చేసిన ఫారంలో అన్ని రికార్డింగులూ అని ఉంది" అంది. ఫారం నిజమే. ఒకరోజు మూటలు దింపుతుంటే అచ్చుకాగితాలు తెచ్చింది, చేతులు తుడుచుకుని గబగబా సంతకాలు పెట్టేశాం. మరి డ్యూటీ చార్టు వెనక పెట్టిన సంతకం ఏమైనట్టు? నమ్మించి గొంతు కొయ్యడమంటారే. ఆవిడ కొయ్యలేదు, ఏకంగా గొంతునే పట్టుకుపోయింది.

నాలుగు రోజులు అన్నం సహించలేదు. మీ బావ అడిగితే పంటినొప్పి అన్నాను. లాండ్రీలో మిగతావాళ్ళు వదినని ముందుపెట్టుకుని రెండు మధ్యాహ్నాలు హాలు గుమ్మంలో కూచున్నారు. మూడో రోజు వీడ్కోలు బోర్డు తీసేశారు. మా పేరు మాత్రం పెట్టలేదు. ఆ చోటు ఖాళీగా ఉంది. లాండ్రీ నెలాఖరుకి మూసేస్తారు. ఎనిమిది మందికి వార్డుల్లో పని చూపించారు. వదిన పేరు ఆ ఎనిమిదిలో లేదు. నాది ఉంది. పిల్లల వార్డులో బట్టల గది. వదిన ఎదురుగా ఆ కాగితం తీసుకోవడానికి నాకు చెయ్యి రాలేదు. తనే లాక్కుని నా జేబులో కుక్కింది.

ఆ రెండు మధ్యాహ్నాలూ నేను గుమ్మంలో వాళ్ళతో కూచోలేదు. లోపల ఏడో డ్రమ్ము పక్కన నిలబడ్డాను, ఎవరూ తల పెట్టకుండా. రెండో రోజు ఇక తట్టుకోలేక వెనక చెయ్యిపెట్టి తీగ లాగేశాను. పందొమ్మిదేళ్ళు ఆ మెషీన్లతో కాపురం చేసినదాన్ని, తీగ ఎక్కడుంటుందో నాకు తెలియదా? స్పీకరు నా చేతిలోకి ఊడి వచ్చింది. కాపలా మనిషి పరుగెత్తుకొచ్చాడు. చెవులమ్మ అతన్ని ఆపి, నేల మీద నా పక్కన కూచుంది.

"తీసుకెళ్ళండి. కానీ అది ఉట్టి డబ్బా అండీ. మాట నా దగ్గరే ఉంది. వచ్చే నెల ఈ డ్రమ్ములు ఇంకో ఊరు వెళ్తున్నాయి" అని ఊరి పేరు చెప్పింది.

అది మీ ఊరు.

ఆవిడ కాళ్ళు పట్టుకున్నంత పనయింది. "అమ్మా, ఆ ఊళ్ళో మా చెల్లెలుంది. ఆ కథ తనదే. నీకు పుణ్యం ఉంటుంది, తీసెయ్యి" అన్నాను.

ఆవిడ ఎప్పటిలాగే ఆగింది. తరవాత, "మీరడిగితే తియ్యనండీ. మీరు చెప్పారు, నేను తీసుకున్నాను. ఇద్దరం ఒకటే. ఆవిడ ఒక్క ముక్క రాస్తే మాత్రం ఆ క్షణమే తీసేస్తాను. కథ ఆవిడది కదా" అంది.

ఏడాది మొత్తం మీద ఆవిడ అన్న మాటల్లో న్యాయమైనది అదొక్కటే. అదే నన్ను నిలువునా కాల్చింది. నువ్వు రాయాలంటే ముందు నీకు తెలియాలి. తెలియాలంటే నేను చెప్పాలి.

చెబుతున్నాను.

పదకొండేళ్ళ కిందట నిన్ను మా ఆస్పత్రి మూడో అంతస్తు వార్డులో చేర్చినప్పుడు, అయిదు వారాలు ఎవ్వరూ చూడటానికి రాకూడదన్నారు. తలుపు దగ్గర నర్సు పిలుస్తుంటే నువ్వు నా చెవిలో అన్న మాట నీకూ గుర్తే. "అక్కా, ఈ వార్డు దుప్పట్లు మీ దగ్గరికే వస్తాయిగా. బాగుంటే అంచు దారం లాగి ఒక ముడి వేస్తాను. ఉండలేకపోతే రెండు. రెండు ముళ్ళు కనబడితే వచ్చి నన్ను తీసుకెళ్ళిపో." సరేనన్నాను. తల మీద చెయ్యి వేసి మరీ అన్నాను.

నువ్వు ఇంటికొచ్చాక పెరట్లో కూచోబెట్టి నీకు తల దువ్వుతున్నాను. "ముళ్ళు వేశానక్కా, చూడలేదా?" అన్నావు. "ఆ వార్డు మూటలు మా షిఫ్టుకి రాలేదే పిచ్చుకా, రెండో షిఫ్టుకి వెళ్ళిపోయాయి" అన్నాను. నువ్వు నమ్మావు. "పోనీలే" అని నన్నే ఓదార్చావు. ఆ తరవాత అమ్మ నిన్ను పిచ్చుక అనడం మానేసింది. ఆ పేరులో వినబడే ఇంకో మాటకి భయపడి మానేసిందని నీకూ తెలుసు, నాకూ తెలుసు.

వచ్చాయి చెల్లీ. మూటలు మా షిఫ్టుకే వచ్చాయి. మొదటి వారం ఒక ముడి. రెండో వారం రెండు. మూడో వారం రెండు. నాలుగో వారం రెండు, ఎంత బిగించావంటే గోరు విరిగింది. ప్రతిసారీ వదిన చూడకముందే విప్పేసి, రోలరు కింద పెట్టి సాపు చేసేశాను. అయిదో వారం ముడే లేదు. అసలు వెయ్యడం మానేశావు. ఆ వార్డు దుప్పట్లన్నిటి కొసలూ మళ్ళీ మళ్ళీ తడిమాను.

డాక్టరు మధ్యలో తీసుకెళ్ళొద్దన్నాడు, నిజమే. మిట్టమధ్యాహ్నం నువ్వు మేడ పిట్టగోడ ఎక్కి నిలబడటం నేను కళ్ళారా చూశాను, అదీ నిజమే. ఈ రెండూ చెప్పి తప్పించుకోవచ్చు. కానీ ఇంకోటి ఉంది. నీకు కాపలా కాసిన ఏడు నెలల తరవాత, నువ్వు ఇంట్లో లేని ఆ వారాల్లోనే నేను కంటినిండా నిద్రపోయాను. ఆ నిద్ర వదులుకోవడం ఇష్టం లేకపోయింది. అందుకే విప్పాను. అదే డ్రమ్ములో చెప్పాను. పిచ్చుక అన్న పేరుతో సహా. మరిదిగారు వింటే పోల్చుకుంటారు. నువ్వు పనిచేసే బడిలో టీచర్లు వింటే ఏమో, తెలియదు.

చెవులమ్మకి ఎందుకు చెప్పానంటే ఏం చెప్పను? ఎవరో ఒకరు అంతసేపు నా మాట వింటుంటే ఆగలేకపోయాను. నీకు చెప్పాల్సింది ఆవిడకి చెప్పాను.

మొన్న వదినతో మడత పెడుతూ ఇంకా అదే తిట్టుకుంటున్నాను. "ఎదురుగా నిలబడి, నా కళ్ళలోకి చూసి తీసేశానంది వదినా! మనిషికి అంత గుండె ధైర్యం ఎలా వస్తుందే?" అన్నాను. ఆ మాట నోట్లో ఉండగానే దువ్వెన గుర్తొచ్చింది. దుప్పటి కొసలు జారిపోయాయి. పందొమ్మిదేళ్ళలో మొదటిసారి నా వైపు దుప్పటి నేల మీద పడింది. వదిన ఎందుకని అడగలేదు. అంతా అక్కడే చెప్పేశాను. దుప్పటి ఎత్తి దులిపి, "ఈ పూట ఇంటికెళ్ళి ఉత్తరం రాయి. నాకు చెప్పినట్టే రాయి, ఏడవకుండా" అంది.

ఏడవలేదనను.

చెవులమ్మ చిరునామా, ప్రదర్శన తేదీ వేరే కాగితం మీద రాసి ఇందులో పెట్టాను. తీసెయ్యమని రాస్తావో, వెళ్ళి వింటావో, రెండూ చెయ్యవో, అది నీ ఇష్టం. ఫలానాది చెయ్యమని చెప్పే నోరు నాకు లేదు. క్షమించమని కూడా ఇందులో అడగడం లేదు. అది అడగాలంటే నీ ఎదురుగా నిలబడే అడగాలి. రమ్మంటే వస్తాను, రావద్దంటే రాను.

నీకు ఏం రాయాలనిపిస్తే అది రాయి. తిట్టు, కాగితం నిండా తిట్టు. ఒక్క ముక్కా రాయకపోయినా సరే. నువ్వు ఏం పంపినా, అందలేదని మాత్రం ఈసారి అనను.

పాపకి ముద్దులు. మరిదిగారికి నమస్కారాలు.

ఇట్లు,
నీకు అబద్ధం చెప్పిన
మీ అక్క